ముందే చూసుకోవద్దూ?

కిందటి నెల మా పక్కింటావిడ భర్త హఠాత్తుగా పోయారు. పలకరించడానికి వెళ్ళినవాళ్ళం తలా ఒక మాట అన్నాం. "ఆ బాంకు కాగితాలేవో ముందే చూసుకోవద్దూ వదినా?" అన్నది మాత్రం నేనే. ఆవిడ తల దించుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1987 అక్టోబరు 15న ఇంగ్లండులో, తుఫాను వస్తోందటగా అని ఒకావిడ అడిగిందని చెబుతూ, టీవీలో వాతావరణం చెప్పే మైకేల్ ఫిష్ అలాంటిదేం లేదు, కంగారు పడకండి అన్నాడు. ఆ రాత్రే పెనుగాలి దక్షిణ ఇంగ్లండును ఊడ్చేసింది. 18 మంది పోయారు. సుమారు కోటిన్నర చెట్లు కూలాయి.

అవి బలం లేని చెట్లా? కాదండీ. అక్కడ పెద్దగాలులు ఎక్కువగా ఆకులు రాలాక, చలికాలంలో వస్తాయి. ఈసారి కొమ్మలనిండా ఆకులున్నాయి, వానలకు నేల నానింది. నిండుగా ఉండడమే వాటి నేరమైంది.

నిండుగా ఉన్న ఇంట్లో కూర్చుని, రేపు ఇదంతా లేకపోతేనో అని లెక్కలు వేసేవాళ్ళం ఎందరం? జాగ్రత్త మంచిదే, కాదనను. కానీ అది గాలికి ముందు చెప్పవలసిన మాట. తర్వాత చెబితే సలహా కాదు. మనకైతే ఇలా జరగదులే అని మనకు మనం చెప్పుకునే ధైర్యం.

లండనులోని క్యూ తోటలో ఒక పాత ఓక్ చెట్టును ఆ గాలి వేళ్ళతో సహా పైకెత్తి మళ్ళీ అక్కడే దింపింది. తోటవాళ్ళు దానికి ఊతకర్రలు పెట్టారు. అది బతికింది, ముందుకంటే ఏపుగా పెరిగింది.

నిన్న మళ్ళీ వెళ్ళాను. ఏమీ అడగలేదు. ఆ కాగితాలు ముందేసుకుని ఇద్దరం కూచున్నాం.