జపమాల – నూనెసీసా



గత సంవత్సరము క్రిస్మసుకు ముందు మా సంఘములోని ఒక తల్లి మాయొద్దకు వచ్చి కన్నీళ్లు పెట్టుకొనెను. ఆమె కుమారుడు హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు చదువుచున్నాడు. హాస్టలు గదిలో అతనితో ఉండువాడు ఫిరంగిపురము వైపు ఆర్.సి.ఎం. వారి పిల్లవాడు. మనవాడు జ్వరముతో పది దినములు మంచము పట్టినప్పుడు ఆ స్నేహితుడు రాత్రులు మేలుకొని సేవచేసి, తన జపమాలను అతని చేతిలో పెట్టెనట. జ్వరము తగ్గినను మనవాడు దానిని తిరిగి ఇయ్యలేదు. ఈ సంగతి ఫోనులో విని తల్లి, “ఆ విగ్రహమును పారవేసినగాని ఇంటికి రాకు” అనెను. కుమారుడును పౌరుషము గలవాడే; రానని చెప్పివేసెను.

“మీరైనను వెళ్లి చెప్పండి, అయ్యగారూ” అని ఆమె బతిమాలగా వెళ్లితిమి. తార్నాకలో మెట్రో రైలు దిగి క్యాంపసులోనికి నడచితిమి. 1939లో తెరచిన ఆ ఆర్ట్సు కళాశాల భవనము చూడదగినదే గాని, ఆ దినము మాకు చూచుటకు మనసు లేకపోయెను. చెట్టునీడను కూర్చుండగానే పిల్లవాడు ఒక కాగితము మా చేతికిచ్చెను. స్నేహితుడు వ్రాసియిచ్చిన వాక్యములట అవి. నిజము చెప్పవలెనంటే, మేము నిర్గమకాండము 20వ అధ్యాయమొక్కటే చేతపట్టుకొని పోయితిమి. కాగితములో చాల యున్నది.

విగ్రహము చేయవద్దన్న దేవుడే అయిదు అధ్యాయముల తరువాత మందసముమీద బంగారు కెరూబులను చేయుమనెను. అరణ్యములో ఇత్తడి సర్పమును చేయించెను. దానిని చూచినవారు బ్రదికిరి. ఎలీషా ఎముకలకు తగిలిన శవము లేచి నిలిచెను. రక్తస్రావముగల స్త్రీ ప్రభువు వస్త్రపుచెంగు ముట్టి స్వస్థపడెను. ఎఫెసులో పౌలు శరీరమునకు తగిలిన చేతిగుడ్డలు రోగులయొద్దకు కొనిపోబడెను. ఇవన్నియు మన బైబిలులోనివే. దేవుడు మట్టిని, గుడ్డను, లోహమును తన పనికి వాడుకొనడని మనము చెప్పజాలము.

మరియొక మాట. వారు రెండవ ఆజ్ఞను తీసివేసిరని మన పల్లెలలో చెప్పుకొందురు. అది సరికాదు. వారు దానిని మొదటి ఆజ్ఞలోనే చేర్చి లెక్కింతురు; మన లూథరన్ సహోదరులును అట్లే లెక్కింతురు. ఉదయము లేవగానే సిలువగురుతు వేసికొమ్మని లూథరు తన చిన్న ప్రశ్నోత్తరిలోనే వ్రాసెను. స్వరూపములలో దైవత్వముగాని శక్తిగాని యున్నదని నమ్మరాదనియు, వాటియందు నమ్మిక యుంచరాదనియు 1563లో త్రెంతు మహాసభలో వారి సంఘమే నిర్ణయించెను. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ మనకు వేరుగా వ్రాయబడలేదు గదా!

అయితే మన అభ్యంతరమెక్కడ? జపమాలలో చెప్పు మంగళవార్త జపపు మొదటి సగము లూకా 1వ అధ్యాయములోనిది. దూతయు, ఎలీసబెతును పలికిన మాటలు. కడపటి సగములో మరియమ్మను మనకొరకు వేడుకొనుమని అడుగుదురు. అట్లు అడుగుమని లేఖనములో ఎచ్చటను మనకు చెప్పబడలేదు. పూసలు లెక్కించుటకే, వాటితో మనకు పేచీ లేదు. మరియు సర్పమును చేయుమని దేవుడు మోషేతో చెప్పెను. చేతిగుడ్డల సంగతి వ్రాసిన లూకాయే దానిని విశేషమైన అద్భుతమనెను. సంఘములకు గుడ్డలు పంచుమని పౌలు ఏ పత్రికలోను వ్రాయలేదు. దేవుడు చేసిన దానికిని, మనము అలవాటు చేసికొనుటకును నడుమ ఒక ఆజ్ఞ ఉండవలెను.

ఆ సర్పముయొక్క తక్కిన కథ కాగితములో లేదు. అయిదువందల ఏండ్లకు పైగా గడచిన తరువాత ఇశ్రాయేలీయులు దానికి ధూపము వేయుచుండిరి. హిజ్కియా దానిని ముక్కలుగా కొట్టెను. దేవుడు చేయించిన వస్తువునే కొట్టెను! నెహుష్టాను అనగా వట్టి ఇత్తడి. రెండవ రాజులు 18వ అధ్యాయము తీసి పిల్లవానికి చూపితిమి.

అతడు కొంతసేపు ఊరకుండి, “నాకు ఆ జపము రాదు, అయ్యగారూ. వాడు మేలుకొనిన రాత్రులు మరువకుండ ఉంచుకొంటిని” అనెను. యొర్దానులోనుండి తెచ్చి నిలిపిన పండ్రెండు రాళ్లు మాకు జ్ఞాపకమువచ్చెను. అట్టిదైన తప్పేమి అని చెప్పబోవుచుండగా, అతడే తలవంచుకొని, “పరీక్షలనాడు మాత్రము అది జేబులో లేకుండ పోలేకున్నాను” అనెను.

“అదే ధూపము, నాయనా” అంటిమి.

“అట్లయితే అమ్మ పంపిన సీసా?” అని అడిగెను. ఏదో కూటములో ప్రార్థించియిచ్చిన నూనె అట. పరీక్షకు ముందు నుదుట రాచుకొనుమని పంపెనట. అదియు అతని పెట్టెలో జపమాల ప్రక్కనే యుండెను. దానికి మాయొద్ద జవాబు సిద్ధముగా లేదు. యాకోబు పత్రికలో నూనె రాయుమని యున్నది నిజమే. కాని రోగిని బాగుచేయునది విశ్వాసప్రార్థన అని ఆ వెంటనే యున్నది. ఏటేట ఫిబ్రవరిలో గుణదల కొండకు పోవువారిని ఎగతాళిచేయు మన ఇండ్లలో ఇట్టి సీసాలెన్ని యున్నవో! చంటిబిడ్డ తలక్రింద బైబిలు పెట్టుదుము. అది తెరచి చదువుట మాత్రము ఆదివారమునకే.

తార్నాక స్టేషను వరకు అతడు మాతో నడచివచ్చెను. జపమాలను ఏమి చేయుమనియు మేము చెప్పలేదు. స్నేహితునితో కలిసి ఆ అధ్యాయము చదువుమని మాత్రము చెప్పితిమి.

ఊరికి వచ్చి తల్లికి అంతయు చెప్పితిమి, సీసా మాటతో సహా. ఆమె ముఖము ఎఱ్ఱబడెను. చాలసేపు మాటలాడలేదు. తరువాత లోపలికి వెళ్లి, అటకమీదనుండి అట్టివే మరి రెండు సీసాలు తెచ్చి మా ముందుపెట్టి, “వీటిని ఏమి చేయమంటారు, అయ్యగారూ?” అనెను.

“కొబ్బరినూనె గదమ్మా, తలకు రాచుకొనుడి” అంటిమి.

ఆమె నవ్వలేదు గాని, కొడుకుకు ఫోను కలిపి, పండుగకు ఏ బండికి వచ్చుచున్నావని అడిగెను.