డోలు బిగింపు - కాయక శుద్ధి



దేవుని ఊరేగింపున డోలు మ్రోగునపుడు మన దృష్టి వాద్యకారుని చేతులపై నిలుచును. కుడిచేతి వ్రేళ్ళకు గట్టి తొడుగులు, ఎడమచేత పుల్ల. ఆ నాదమును నిలిపియుంచు బిగింపు మాత్రము ఎవరి కంటను పడదు. పనసకొయ్య బుర్రకు ఇరువైపుల మూసిన తోళ్ళను లాగిపట్టుటకు పూర్వము తోలుపట్టెలు వాడెడివారు. నేడు పెక్కు డోళ్ళకు ఆ చోట లోహపు వలయములు, బోల్టులు, నట్టులు వచ్చినవి. సంప్రదాయము చెడినదని కొందరు నొచ్చుకొందురు. వానకారు చెమ్మకు సడలిన పట్టెను నడివీధిలో బిగించుకొన్నవాడు మాత్రము ఆ మాట అనడు.

ఈ భాగములను ఇంటి వసారాలో చిన్న లేతు పెట్టుకొని చేయు పనివారున్నారు. అంగడి బోల్టు చాలదా యన్న ప్రశ్న న్యాయమైనదే. కాని చేతితో తొలిచిన బుర్రలు అన్నియు ఒక్క కొలతకు రావు. పాతడోలుకు ఒక్క బోల్టు విరిగినను, దాని పొడవు, తల, మర ఆ డోలుకే తగినట్లుండవలెను. ఇనుపకడ్డీని లేతునకు బిగించి, కొనను చదును చేసి, 6 మిల్లీమీటర్ల లావునకు తరిగి, మెల్లగా త్రిప్పుచు మర కోయుదురు. ఆ కొలత బోల్టునకు సాధారణముగా మరచుట్టుల నడుమ ఎడము 1 మిల్లీమీటరు. అనగా నట్టును ఒక చుట్టు త్రిప్పిన తోలు అంతమేరకే లాగబడును. ఎదురెదురు బోల్టులను సమముగా బిగించునపుడు ఒక్కదాని మర వేరైనచో తోలు ఒకవైపునకు గుంజుకొని, నాదము చోటుచోటునకు మారును.

నట్టు సంగతి మరింత సూక్ష్మమైనది. దాని రంధ్రమును 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో తొలిచి, నూనె వేసి, ట్యాపును కొంత ముందుకు, కొంత వెనుకకు త్రిప్పుచు లోపల మర తీయవలెను. చేతులు నొప్పి పుట్టును. తొందరపడిన ట్యాపు విరుగును. రంధ్రమును 5.5 మిల్లీమీటర్లకు పెంచినచో పని సుళువు. కాని మరలోతు సగమే మిగులును. బల్లపై చూచినపుడు ఆ నట్టు చక్కగనే తిరుగును. ఊరేగింపు నడుమ, బిగువు పెరిగినపుడు, మర చెరిగి జారిపోవును.

ఒక పనివాని స్థితిని ఊహింపుడు. తెల్లవారిన ఉత్సవము. డోలు విద్వాంసుడు అరుగుపై కూర్చుండి యున్నాడు. పనివాడు తొందరలో పెద్ద డ్రిల్లు వాడినాడు. ఆ సంగతి అతనికి దక్క మరెవ్వరికిని తెలియదు. కూలి సిద్ధముగా నున్నది.

12వ శతాబ్దమున కళ్యాణమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. డోహర కక్కయ్య తోళ్ళు ఊనువాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనువాడు. తోలును, త్రాటిని పట్టిన చేతులను కాయకమని గౌరవించిన మార్గమున లేతు పట్టిన చేతికి చోటు లేకపోదు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యము ఏరితెచ్చి జంగమదాసోహము సలిపెడివాడు. ఒకనాడు అతడు అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును అతని ఇల్లాలు లక్కమ్మ లోపలికి రానీయలేదు. తీసికొనిపోయి అచ్చటనే పోసి రమ్మన్నది. ఆ బియ్యమును ఎవరును దొంగిలింపలేదు, ఎవరును అడుగను లేదు. అయినను అది తమది కాదని ఆమె ఎరిగినది. సగము మరకు నిండుకూలి పుచ్చుకొనుటయు అట్టిదే. దానితో చేసిన దాసోహము ఏ లింగమునకు చేరును?

వసారాలో దీపము వెలుగుచున్నది. పనివాడు ఆ నట్టును పారవైచి, "అయ్యా, ఇంకొక గంట పట్టును" అని చెప్పి, 5 మిల్లీమీటర్ల డ్రిల్లును బిగించును. విద్వాంసుడు విసుగుకొనునేమో. కొంతసేపటికి అరుగుమీదనే కునుకు తీయును.