చాలినంత వస్త్రం

వస్త్రం దేహానికి రక్షణా, అహంకారానికి అలంకారమా అన్న ప్రశ్నకు జగ్గయ్యపేట బౌద్ధ శిల్పమే ఒక సూచన ఇస్తుంది. 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించిన అక్కడి ధనంబోడు స్తూపానికి చెందిన ఫలకంలో మాంధాత చక్రవర్తి చేయెత్తగా నాణేల వాన కురుస్తుంది. బుద్ధుని పూర్వజన్మల కథలైన జాతకాల ప్రకారం అంతటి వాన కూడా అతని తృష్ణను, అంటే ఎంత దక్కినా తీరని కోరికను, చల్లార్చలేకపోయింది.

ఆ తృష్ణకు విరుద్ధంగా, భిక్షువుల నియమావళి అయిన వినయపిటకం మూడు చీవరాలను, అనగా కాషాయ వస్త్రాలను అనుమతించింది. ఎండను, చలిని, దోమలను అడ్డుకుని సిగ్గును కాపాడటమే బట్ట ప్రయోజనమని బౌద్ధం బోధించింది. మగధ వరిమళ్ల గట్లను పోలినట్లు ముక్కలు కలిపి చీవరం కుట్టే పద్ధతిని బుద్ధుని శిష్యుడు ఆనందుడు రూపొందించాడని వినయపిటకంలోని మహావగ్గం చెబుతుంది.

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతపు వేసవికి కుట్టే, పాదాల దాకా జారుతూ, ఒక అంచు మరొకదానిపైకి వచ్చి నడుము దగ్గర నాడాతో ముడిపడే నూలు గౌను ఈ బౌద్ధ దృష్టికి దూరమైనది కాదు. పొడవు చేతులు ఎండను ఆపుతాయి, వదులుతనం గాలి ఆడనిస్తుంది. ఏటవాలుగా కత్తిరించిన మెడ అంచు సాగిపోయే గుణం కలది గనుక, కుట్టేవారు దానిని లాగకుండా, సన్నని పట్టీ వేసి ఓపికగా కుడతారు. దేహం చిక్కినా, ఒళ్లు చేసినా నాడా సర్దుకుంటుంది. దేహాన్ని నిందించని ఆ సర్దుబాటులో కరుణ ఉంది, చాలినంతతో ఆగడంలో ధర్మం ఉంది.