మరణశయ్య ముందు సత్యం పలకవచ్చునా?

చావు దగ్గరపడిన మనిషి ఇంటి ముందు మనం గొంతు పెంచి మాట్లాడం. అతని అప్పులు, పాత తగాదాలు ఎత్తం. అది మంచి మర్యాదే. కాని ఆ మంచం మీద ఉన్నది ఒక చక్రవర్తి అయితే, ఆయన పేరు మీద లక్షలాది మంది చంపి, చచ్చివుంటే?

1988 సెప్టెంబరులో జపాను చక్రవర్తి హిరోహితో రక్తం కక్కుకుని మంచాన పడ్డారు. 1926 క్రిస్మస్ నాడు సింహాసనమెక్కిన ఆయనకు అప్పటికి 87 ఏళ్లు. దేశమంతటా పండుగలు, వేడుకలు ఆపుకున్నారు. ఆ నిశ్శబ్దంలో డిసెంబరు 7న నాగసాకి నగరసభలో ఎవరో అడిగిన ప్రశ్నకు మేయరు హితోషి మోతోషిమ జవాబు చెప్పారు. యుద్ధానికి చక్రవర్తి కూడా బాధ్యుడేనని తన నమ్మకమన్నారు.

పాఠకులారా, మోతోషిమ కతోలికుడు. గోతో దీవులలో రహస్యంగా విశ్వాసాన్ని కాపాడుకున్న క్రైస్తవుల వంశస్థుడు. యుద్ధకాలంలో సైన్యంలో శిక్షకుడిగా ఉండి, చక్రవర్తి కోసం చావమని కుర్రవాళ్లకు నేర్పినవాడు. కనుక ఆ బాధ్యతలో తన వాటాను కూడా ఒప్పుకున్నారు. నా మట్టుకు నాకు ఆయన మాటకు విలువ వచ్చింది అక్కడే. ఇతరుల పాపాన్ని మాత్రమే చెప్పేవాడి మాట నేను వినలేను.

చక్రవర్తి పక్షాన చెప్పవలసింది లేకపోలేదు. మంత్రుల నిర్ణయాన్ని కాదనడం ఆనాటి ఆనవాయితీ కాదు. 1941 సెప్టెంబరు 6న యుద్ధాలోచన సమావేశంలో శాంతిని కోరే తన తాతగారి పద్యం చదివి ఊరుకున్నారు. డిసెంబరులో యుద్ధప్రకటన ఆయన పేరుతోనే వెలువడింది. 1945 ఆగస్టులో పెద్దలు చెరి సగమై చీలిపోగా, ఆయన మాటే యుద్ధాన్ని ఆపింది. ఆ నోరు ముందే పలకకూడదా అని అడగడం తేలిక. ఓడిపోయాక మంత్రులే ఆయన్ని అడిగారు, ముందు అడగలేదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

తరువాత టోక్యో న్యాయస్థానం ఏడుగురికి ఉరి వేసింది. దేశం ప్రశాంతంగా ఉండాలని మెకార్థర్ చక్రవర్తిని బోను ఎక్కించలేదు. ఇది దయ అని అందరూ అంటారు. నాకు అలా తోచదు. పాపసంకీర్తనం చేసే అవకాశం లేకుండా ఇచ్చిన క్షమ మనిషిని తేలికపరచదు. 1975లో పాత్రికేయులు యుద్ధబాధ్యత గురించి అడిగినప్పుడు, అటువంటి మాటల సూక్ష్మం తనకు తెలియదని, సాహిత్య విషయాలు తాను అంతగా చదువుకోలేదని జవాబిచ్చారు.

మన సభ చేతులూ పూర్తిగా శుభ్రం కాదు. షింతో ఆలయాల ముందు తలవంచడం దేశభక్తి మర్యాద మాత్రమేనని, కతోలికులు చేయవచ్చునని 1936లో రోము అనుమతించింది.

మాట వెనక్కి తీసుకోమని మోతోషిమను సొంత పార్టీవారే ఒత్తిడి చేశారు. ఆయన తీసుకోలేదు. 1989 జనవరి 7న చక్రవర్తి మరణించారు. మరుసటి ఏడు జనవరి 18న నగర కార్యాలయం ముందు ఒక మితవాది మోతోషిమ వీపున తుపాకీతో కాల్చాడు. ఆయన బ్రతికారు. 1991లో నాగసాకి ప్రజలు మళ్లీ ఆయననే మేయరుగా ఎన్నుకున్నారు.