గుడి ద్వారం హోటల్‌కు పెడితే

బాలి ద్వీపంలో గుడి వెలుపలి ద్వారాన్ని చండి బెంతార్ అంటారు. గోపురాన్ని నిలువునా రెండుగా కోసి మధ్యన దారి విడిచినట్టుంటుంది. బయటి వైపంతా మెట్లు మెట్లుగా చెక్కడం, కోసిన వైపు మాత్రం నున్నటి గోడ. ఇప్పుడు అదే ద్వారం బొటిక్ హోటళ్ల ముందు నిలుస్తోంది. దాటి వెళితే గడ్డి కప్పిన మండపాలు, తామర కొలను, ఆ పక్కనే గాజు గోడల గదులు. దేవుడి ఇంటి రూపాన్ని అతిథి సుఖానికి వాడుకోవడం అపచారమేనని భక్తులు కొందరు బాధపడతారు. నాకలా అనిపించదు. ఈ ద్వారం రాజగృహాల ముందూ ఉండేది. అపచారమంటూ ఉంటే, అది ఆ రూపాన్ని పుట్టించిన కట్టుబాటును గేటు బయట వదిలేయడంలోనే ఉంది.

ఆ కట్టుబాటు ఏమిటో అక్కడి ఇంటిని చూస్తే తెలుస్తుంది. ప్రహరీ లోపల విడివిడి మండపాలుంటాయి. ఆగుంగ్ కొండ వైపు పవిత్రం, సముద్రం వైపు దానికన్నా తక్కువ. అందుకే దక్షిణ బాలిలో ఇంటి గుడి ఈశాన్యంలో ఉంటుంది. మన వాస్తు తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు. దేవుడితో, తోటి మనిషితో, ప్రకృతితో సామరస్యంగా ఉండాలన్న త్రిహిత కరణ భావనతో దీన్ని ముడిపెడతారు. హోటళ్ల సంగతికి వస్తే, 1966లో సనూర్ తీరాన పది అంతస్తుల హోటల్ లేచాక, కొబ్బరిచెట్టును మించి, అంటే 15 మీటర్లు దాటి, కట్టకూడదన్న నియమం వచ్చింది. 1989లో ఉబుద్ దగ్గర వాస్తుశిల్పి పీటర్ ముల్లర్ కట్టిన అమందారి హోటల్‌లో, ఊరివాళ్లు పూజకు ఆయుంగ్ నదికి దిగే దారిని మూయకుండా ఉంచారు. నా దృష్టిలో అక్కడి చెక్కడాలన్నిటికన్నా ఆ దారే గొప్ప వాస్తు.

ఇదంతా పర్యాటకుల డబ్బు కోసమే కదా అనవచ్చు. కావచ్చు. కీర్తి కోసం రాజులు కట్టించిన గుళ్లలోనూ భక్తులు నిజంగానే మొక్కారు. కట్టించినవాడి ఉద్దేశం ఒక్కటే కట్టడం విలువను తేల్చదు. ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది. ఊరివాళ్లే కాంక్రీటు ఇళ్లు కోరుకుంటుంటే గడ్డికప్పును పొగడటానికి మనమెవరం? ఆ మాట న్యాయమే. కానీ నేను అడుగుతున్నది గడ్డికప్పు గురించి కాదు. దారినీ నీటినీ ఊరికి వదిలిన కాంక్రీటు భవనం, చెక్కిన ద్వారం పెట్టి రెంటినీ మూసేసిన విల్లా కన్నా సంప్రదాయానికి దగ్గర. నీటి గుళ్ల చుట్టూ రైతులు నీరు పంచుకునే సుబక్ పద్ధతిని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మరోవైపు దక్షిణాన వరిమళ్లు విల్లాలుగా మారుతూనే ఉన్నాయి. మడి పోయాక నీటి గుడికి చేసే పని ఏం మిగులుతుంది? మనుషుల సంగతీ అంతే. పొద్దున్నే హోటల్ గుమ్మం దగ్గర కొబ్బరాకు దొన్నెలో పూలు, అగరుబత్తి పెట్టేది చాలాచోట్ల అక్కడి పనివాళ్లే. 210 రోజులకొకసారి వచ్చే తమ గుడి పండుగకు వాళ్లకు సెలవు దొరక్కపోతే ఆ దొన్నె వట్టి అలంకారం.

బాలిలో గది తీసుకునే ముందు ఫొటోలు చూడండి, తప్పులేదు. వాటితోపాటు ఆ హోటల్‌కు నీళ్లెక్కడివో, ఊరి దారి తెరిచే ఉందో లేదో కూడా అడగండి.