పడ్డ సంగతి దాచకు

చిన్నా,

బండి మీంచి పడ్డావని మీ చెల్లెలు చెప్పింది. దాని మీద విరుచుకుపడకు. కనుబొమ్మ మీద దెబ్బ తగిలి, మూడు రోజులైనా కన్ను సలుపుతోందట. మెడికల్ షాపులో చుక్కల మందు కొని వేసుకుంటున్నావట. ముందు ఆ సీసా అవతల పెట్టు. అలాంటి చుక్కల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. నల్లగుడ్డు మీద గీత పడి ఉంటే, ఆ మందుకి అది పుండై కూర్చోవచ్చు.

క్యాజువాలిటీలో నర్సుగా చేసినదాన్ని, చూసిందే చెబుతున్నా. కన్ను నొప్పి అంటూ వచ్చేవాళ్లు కన్ను చూపిస్తారు, పడ్డ సంగతి మింగేస్తారు. హెల్మెట్ పెట్టుకోలేదనో, తాగి నడిపామనో, ఇంట్లో తెలిసిపోతుందనో! ఆసుపత్రివాళ్లు పోలీసు కేసని రాసుకుంటే రాసుకోనీ. దానికి జడిసి కన్ను పోగొట్టుకుంటామా?

కనుబొమ్మ మీద తగిలిన దెబ్బ ఎముక వెంట లోపలికి పాకి కంటినరాన్ని నలిపేయగలదు. ఆ నరం వచ్చేది ఇరుకు ఎముక సందులోంచి; వాస్తే ఒదగడానికి చోటుండదు. పైకి కన్ను శుభ్రంగా కనిపిస్తూనే చూపు తగ్గుతుంది. పడ్డావని తెలిస్తే డాక్టరు గది చీకటి చేసి, టార్చి వెలుగు ఒక కంటి మీంచి రెండో కంటికి మార్చి మార్చి వేసి చూస్తాడు. నరం దెబ్బతిన్నవైపు కంటిపాప వెలుగుకి ముడుచుకోవాల్సింది పోయి విచ్చుకుంటుంది. నువ్వు నోరు విప్పకపోతే ఆ టార్చి జేబులోనే ఉండిపోవచ్చు.

వస్తువులు రెండేసి కనిపించినా, మెరుపులు మెరిసినా, తెర దించినట్టు ఒకవైపు చీకటైనా ఆగకు. వాంతులు, మత్తు, పెరిగే తలనొప్పి, కంటిపాపల్లో ఒకటి పెద్దది ఒకటి చిన్నది కావడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయించు. తలలో రక్తం మెల్లగా ఊరి వారాల తర్వాత బయటపడే రకం కూడా ఉంది. నొప్పికని ఆస్పిరిన్ మింగకు, కన్ను నలపకు.

మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉందిగానీ, ముందు తల సంగతి తేలాలి. సీటీ స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి, ఉస్మానియాకో గాంధీకో, ఇవాళే వెళ్లు. బండి నువ్వు నడపకు, రూమ్మేటుని వెంటబెట్టుకో. ఎప్పుడు పడ్డావో, స్పృహ తప్పిందో లేదో, ఏ చుక్కలు వేశావో అన్నీ చెప్పు. ఆ సీసా కూడా పట్టుకెళ్లు.

మీ నాన్నతో బండి విషయం నేను మాట్లాడతాను. డాక్టరు ఏమన్నారో రాత్రికి నువ్వే ఫోన్ చెయ్యి, చెల్లెలి చేత చేయించకు.

మీ పెద్దమ్మ