నీళ్ళ మీద విహారం, నీళ్ళ కింద ఊరు



మొన్న ధమ్మచక్ర ప్రవర్తన దినం అయినాక మా రాప్తాడు నుంచి ఒక బండి మాట్లాడుకొని నాగార్జునకొండకు పోయినాము. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కినాము. మాతో వచ్చిన ఒక అవ్వ దారిపొడుగునా కృష్ణ నీళ్ళనే చూస్తా కూర్చునింది. వేసిన బోర్లన్నీ ఎండిపోయి, శెనక్కాయ చేను బీడు పెట్టుకున్న ఇంటి మనిషి ఆమె.

కొండ మీద మ్యూజియాన్ని బౌద్ధ విహారం తీరులో కట్టినారు. చెట్ల నడుమ, నీళ్ళ నడుమ, ఆ కొండకు పుట్టిన బిడ్డలాగానే ఉంటుంది. లోపల ఇక్ష్వాకుల కాలంనాటి శిల్పాలు, పలనాటి సున్నపురాతి మీద బుద్ధుని జీవితం. "ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నట్టుంది కదన్నా" అన్నాడు మాలో ఒక పిల్లోడు. నాకూ అట్లే అనిపించింది. మనం మోసపోయేది సరిగ్గా అక్కడే.

ఎందుకంటే ఒక గదిలో, మునిగిన లోయ నమూనా పెట్టినారు. అవ్వ దాని ముందర ఆగిపోయింది. "మనం లాంచీలో దాటింది దీని మీదనేనా నాయనా?" అనింది.

అవును, దాని మీదనే. ఈ కొండ ద్వీపమైంది ఆనకట్ట వల్లనే. ఇక్కడి శిథిలాలు 1926లో బయటపడినాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకు పునాదిరాయి వేసినారు. నీళ్ళొచ్చే లోపల తవ్వాలని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ తవ్వింది. 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ నాగపూరులో దీక్ష తీసుకునేనాటికి ఈ తవ్వకాలు నడుస్తానే ఉండినాయి. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీద, అవతల అనుపు దగ్గర మళ్ళీ కట్టినారు. తక్కిన లోయ నీళ్ళ పాలైంది.

తిరుగు దారిలో పిల్లోడికి కోపమొచ్చింది. "బుద్ధుని చోటు కాబట్టే ముంచినారు, గుడైతే ముంచుతారా?" అన్నాడు. కోపం అర్థమవుతుంది గానీ మాట నిలవదు. శ్రీశైలం ప్రాజెక్టులో గుళ్ళూ మునిగినాయి. కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురానికి మార్చినారు. పైగా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా దామోదర్ లోయ, హీరాకుడ్ పథకాలకు దారి వేసింది మన బాబాసాహెబే. ఎండిన చేనుకు నీళ్ళు వద్దనే ధమ్మం మనది కాదు. రాయి కూడా అనిత్యమే.

అయితే అంతటితో లెక్క తెగదు. 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ సిద్ధార్థుని గృహత్యాగానికి చూపిన కారణం ముసలితనమో శవమో కాదు, రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులకు కోలీయులకు వచ్చిన తగాదా. యుద్ధం వద్దన్నందుకు ఆయన ఇల్లు విడిచిపోవలసి వచ్చింది. అంటే నీళ్ళు ఎవరికి, నష్టం ఎవరికి అన్న ప్రశ్న మన ధమ్మానికి గడప దగ్గరిది. రాళ్ళను నంబర్లు వేసి భద్రంగా మోసినారు. ఆ లోయలో బతికిన ఊర్ల మనుషులను కూడా అంత భద్రంగా మోసినారా?

ఈ ముక్క నేను బండిలో చెప్తా ఉంటే అవ్వ అడ్డమొచ్చింది.

"ఆ నీళ్ళు మనకు వస్తాయా?"

"రావవ్వా, సాగర్ కాలువలు ఇటు రావు."

"రాకపోతే పోనీలే, ఎవరో ఒకరు తాగుతాండారు కదా" అని, కొంచెంసేపు ఊరుకొని, "ఆ బొమ్మ కాడ ఇండ్లు పోయినోళ్ళ పేర్లు యాడన్నా రాసినారా? నాకు చదువు రాదు, నువ్వు చూసినావా?" అని అడిగింది.

నేను చూడలేదు. శిల్పాల కింద రాసినవే చదువుకుంటా వచ్చేసినాను.